ఉప్పు చూడని నలభై దినాలు

నేను చెప్తుంటే నా బిడ్డ కరుణ రాస్తున్నది. నాకు రెండో తరగతి చదువు. పేరు రాస్త, బస్సు మీది బోర్డు కూడబలుక్కొని చదువుత, అంతే. మా చర్చి గుడిల స్త్రీల సమాజపోళ్లు, "రత్నమ్మక్కా, నీ కాలు సంగతి జర అందరికి చెప్పు, షుగర్ ఉన్నోళ్లకు పనికొస్తది" అన్నరు. నలుగుట్ల నిలబడి చెప్పుడు నాకు రాదు. అందుకే కాయితం మీద చెప్తున్న.

పోయిన ఏడు నా ఎడమ కాలు ఉంటదో పోతదో తెల్వక దినాలు లెక్కపెట్టుకుంట కూసున్న. కాలు ఉన్నది. చిటికెన వేలు ఒక్కటే పోయింది. నా తప్పుకే పోయింది. ఆ తప్పు ఇంకొకలు చెయ్యొద్దు.

"కరుణా, నేనన్నది అన్నట్టే రాయి. సక్కగ దిద్దకు."

"దిద్దుతలేనమ్మా, నువ్వు చెప్పు."

ముందుగల నా పని గురించి చెప్పాలె. అమీర్‌పేటల ఆడపిల్లల హాస్టల్ల నేను వంట చేస్త. పంతొమ్మిది ఏండ్లాయె. ఎనభై మంది పిల్లలు. కంప్యూటర్ కోర్సులకని జిల్లాల నుంచి వస్తరు, నాలుగు నెలలుంటరు, నౌకరి దొరకంగనే పోతరు. పొద్దుగాల టిఫిను, పగటీలి అన్నం, పప్పు, కూర, చారు, సాయంత్రం చాయ్, రాత్రి మళ్ల అన్నం. ఎన్ని వేల మంది పిల్లలు నా చేతి బువ్వ తిన్నరో నాకే తెల్వదు.

మా అమ్మ నేర్పిన అలవాటు ఒకటి ఉండె నాకు. గంటెతోని కూర తీసి అరచేతుల ఏసుకొని రుచి చూసుడు. ఉప్పు ఏసినంక ఒకసారి, కారం ఏసినంక ఒకసారి, పొయ్యి మీదికెల్లి దించే ముందు ఇంకొకసారి. పెద్ద గిన్నెలకు గరిట సుత పెద్దదే, అరచెయ్యి నిండేది. అన్నం ఉడికిందా అని నాలుగు మెతుకులు, ఆలుగడ్డ మెత్తవడ్డదా అని ఒక ముక్క, అడుగుకు అంటిన మాడుబువ్వ ఒక ముద్ద. కూసుండి కంచంల పెట్టుకొని తిన్నది మాత్రం లేదు. "ఆంటీ, మీరు తిన్నరా" అని పిల్లలడిగితే, "పొయ్యి కాడ నిలబడ్డోళ్లకు ఆకలెక్కడిది బిడ్డా" అంటుంటి. అబద్ధం చెప్పలే. నేను తింటలేననే నేను నమ్మిన.

మా ఆయన ప్రకాశం ఉన్నప్పుడు గిట్ల లేకుండె. ఆయన సనత్‌నగర్ల లేత్ మిషన్ మీద పని చేసేటోడు. రాత్రి ఇంటికొచ్చి అన్నం ముట్టకపోతుండె. రెండు జొన్న రొట్టెలు, ఏదైన ఆకుకూర, ఉల్లిగడ్డ. నేను చేతితోని రొట్టె కొడుతుంటే ఆ చప్పుడు విని "ఇగ ఆకలైతున్నది" అంటుండె. నన్ను సుత ఎదురుంగ కూసోపెట్టేటోడు. "నువ్వు తినంది నాకు దిగదు" అంటుండె. అది ప్రేమనో, అలవాటో అప్పట్ల నేను ఆలోచన చెయ్యలే.

ఆదివారం పంజగుట్టల ఆరాధన అయినంక యూసుఫ్‌గూడ దాంక నడిసే వస్తుంటిమి. గప్పుడు మెట్రో లేదు. అమీర్‌పేట చౌరస్తల నిలబడి తలెత్తితే ఆకాశం అగుపడేది. నాకు ఆటో ఎక్కాల్నని ఉండేది, కాళ్లు గుంజేటివి. "తిన్నంక కుక్క సుత నాలుగడుగులేస్తది, నువ్వు నడువే" అనేటోడు. తొవ్వల బండి కాడ జామకాయ కొని నాలుగు చీలికలు చేయించి, ఉప్పుకారం తనకు అద్దిచ్చుకొని, నాకు ఒట్టిదే ఇచ్చేటోడు. ఇంటికి రాంగనే నా కాళ్లు ఒళ్లె పెట్టుకొని వేళ్లు విరిసేటోడు. చిటికెన వేలు ఎప్పుడు చప్పుడు చెయ్యకపోయేది. "ఇది నీ లెక్కనే మొండిది" అంటుండె.

ఎనిమిదేండ్ల కింద గుండె ఆగి పోయిండు. జొన్నపిండి డబ్బా ఆ దినం మూసిన, మళ్ల తెర్వలే. కరుణ అన్నమే తింటది, నా ఒక్కదానికి ఏం రొట్టెలు కొడుత అని హాస్టల్ల మిగిలిన అన్నమే తెచ్చుకున్న. నడుసుడు బంద్. చాయ్‌లు పెరిగినయి. ఆయన పోయిన మూడో ఏడు కండ్లు మసకలైతే చూపిచ్చుకున్న, షుగర్ అన్నరు. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. టైముకు తినమన్నరు. సరే అన్న. కాళ్లకు తిమ్మిర్లు వస్తున్నయని చెప్పుడు మర్సిన.

ఇగ శ్రమ దినాలు. మా దిక్కు ఈస్టర్ ముందు నలభై దినాలు ఉపవాసముంటరు. నేను ఏటేటా ఉంట. పగలంత నీళ్లు, సాయంత్రం ప్రార్థన అయినంక అన్నం. ఎప్పుడు ఏం కాలే. ఎందుకు కాలేదంటే, ఉపవాసంల సుత నేను రుచి చూస్తుంటి. రుచి చూసుడు తినుడు కాదు గదా, అది నా డ్యూటీ అనుకుంటుంటి.

పోయిన ఏడు శ్రమ దినాల ముందట మా ప్రార్థన కూటంల ఒక పెద్దమ్మ సాక్ష్యం చెప్పింది. నీళ్లు తప్ప నాలుక మీద ఏది పెట్టకుండ నలభై దినాలున్ననని. అందరు మెచ్చుకున్నరు. నాకు సిగ్గనిపిచ్చింది. నా ఉపవాసానికి ఒక చిల్లు ఉన్నది, ఆ చిల్లు నా అరచెయ్యి అనుకున్న. గందుకే పిల్లలు పుట్టని నా బిడ్డ గురించి చేసే ప్రార్థన దేవునికి ఇనవడుతలేదని నా మనసుకు తోచింది. కరుణ పెండ్లయి అప్పటికి ఆరేండ్లు.

"ఇది రాయాల్నా అమ్మా?"

"రాయి. ఇది రాయకపోతే కథే లేదు."

శ్రమ దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు తీర్మానం చేసుకున్న. ఈ నలభై దినాలు పగటిపూట ఉప్పు సుత చూడ అని. మాత్రలు మాత్రం మింగిన. మాత్ర మందు, అన్నం కాదు అనుకున్న. గుడి పాస్టరు అయ్యగారిని అడగలే, డాక్టర్ని అడగలే.

కరుణ, అల్లుడు నాతోనే ఉంటరు, కరుణకు రెండో దినానికే తెలిసింది. పంజగుట్టల చీరల దుకాణంల పని చేస్తది, దినమంత నిలబడి వస్తది. వచ్చి నా మొకం చూసి, "ఏం తిన్నవ్?" అన్నది. సంగతి చెప్పిన.

"నేనడిగిన్నా నిన్ను?"

"అడుగుడేంది? తల్లిని కానా?"

"నాకు పిల్లలు కావాల్నని నువ్వు ఎండుతవా? ఇగ నేను ఏం తిన్నా నోట్లెకు పోతదా నాకు?"

"నీ గురించి కాదు, నా ఆత్మ గురించి ఉంటున్న పో."

"అబద్ధమాడితే ఉపవాసం చెల్లదు," అని లోపటికి పోయింది. అల్లుడు సుధాకర్ ఇద్దరి నడుమ కంచం పట్టుకొని నిలబడ్డడు. పదిహేను దినాలు అవసరానికే మాట్లాడుకున్నం.

హాస్టల్ల ఉప్పు గతి తప్పింది. ఒక దినం పప్పుల రెండుసార్లు పడేది, ఒక దినం అసలే పడకపోయేది. పిల్లలు కంచాల కాడ నవ్వుతుంటిరి.

"ఆంటీకి బీపీ వచ్చిందే, మనకు సుత ఉప్పు బంద్ పెట్టింది."

"నిన్న సాంబార్ తాగితే సముద్రం యాదికొచ్చింది నాకు."

"ఆంటీ, జర మీరు ఒక్కసారి రుచి చూసి ఏస్తే అయిపోతది గదా?"

చూడ అన్న. ఎందుకో చెప్పలే.

మూడో వారంల ఒక దినం పగటీలి పదకొండు గంటలప్పుడు అన్నం వారుస్తున్న. పొద్దుగాల మాత్ర మింగిన, కడుపుల నీళ్లు తప్ప ఏం లేవు. ఒళ్లంత చెమటలు పట్టినయి. చేతులు వణికినయి. కండ్ల ముందట జోరీగలు ముసిరినట్టయింది. గిన్నె ఒంచి గంజి వారుస్తున్ననని తెలుసు, ఇగ దాని తర్వాత తెల్వదు.

తెలివికొచ్చేసరికి నోట్లె చక్కెర. ఒక పిల్ల నా తల ఒళ్లె పెట్టుకున్నది. పేరు వైష్ణవి, కరీంనగర్ దిక్కుది. వాళ్ల నాయినకు సుత షుగరేనట, గిట్లనే పడిపోతడట. నేను ఆ చక్కెర ఉమ్మేసిన.

"నా ఉపవాసం పాడు చేసిన్రు గదనే," అని ఏడ్సిన.

"ముందు మింగున్రి ఆంటీ, తర్వాత మస్తు తిట్టున్రి," అని ఇంకో చెంచెడు పెట్టింది.

కాలు చూసుకుంటే ఎడమ పాదం మీద గంజి పడి తోలు ఊడింది, ఉడికిన ఆలుగడ్డ పొట్టు లెక్క. పిల్లలు మొకాలు తిప్పుకున్నరు. నాకేమో నొప్పి లేదు. ఇసుమంత లేదు. గంత కాలినా నొప్పి లేకపోయేసరికి నేను ఏమనుకున్ననో చెప్తున్న, నవ్వకున్రి. దేవుడు నా తీర్మానం చూసి నొప్పి తీసేసిండనుకున్న. ఆ మధ్యాహ్నం పొయ్యి పక్కన కూసుండి కృతజ్ఞత చెప్పుకున్న.

షుగర్ ఎన్నో ఏండ్లు పాతగయితే కాళ్లు మొద్దుబారుతయని, నొప్పి లేకపోవుడే భయపడాల్సిన సంగతని నాకు తెల్వదు. ఇప్పుడు తెలిసింది. అందుకే మొదటి మాట ఇదే చెప్తున్న: దెబ్బ తగిలి నొప్పి లేదంటే దేవుని దయ అనుకొని కూసోకున్రి. ఆ దినమే చూపిచ్చుకోన్రి.

కరుణకు గరిట తగిలిందని చెప్పిన. పసుపు పెట్టి, గుడ్డ కట్టి, మీదికెల్లి సాక్సు ఏసిన. ఇంకొక తప్పు సుత చేసిన. మాత్ర మింగితేనే పడిపోతున్నననుకొని మాత్రలు బంద్ పెట్టిన. పడుడు ఆగింది. నేను గెలిచినననుకున్న. లోపట షుగర్ పెరుగుతుంటే పుండు ఎట్ల మానుతది?

ఈస్టర్ ముందటి మట్టల ఆదివారం వచ్చింది, పోయింది. ఈస్టర్ నాడు తెల్లారంగ మైదానంల సూర్యోదయ ఆరాధన. చెప్పులు ఒక పక్కకు ఇడిసి చాపల మీద కూసుంటం. తెల్లచీర కట్టుకొని కూసున్న. నలభై దినాలు నెగ్గిన. ఆ సంతోషం కండ్లల్ల నీళ్లయి కారుతుంటే కరుణ నా భుజం పట్టుకున్నది. సంతోషానికి కాదు.

"అమ్మా, వాసనొస్తున్నది."

చీర కుచ్చిళ్లకు పసుపుపచ్చగ తడి. ఈగలు. అందరు పాడుతుంటే నా బిడ్డ చాప మీద కూసుండి నా సాక్సు మెల్లగ తీసింది. చూసింది. తన చీర కొంగుతోని కాలు కప్పి, అల్లునికి సైగ చేసింది. తిట్టినా బాగుండు. ఆటోల పంజగుట్ట దాంక తిట్టలే.

దవాఖానల ఆ దినం నుంచి మూడు వారాలు. వార్డుల కొన్ని దినాలు, తర్వాత దినం విడిచి దినం పుండు కడిగిచ్చుకునేటందుకు హాల్ల బెంచీ మీద. డాక్టర్ సారు చిన్న వయసాయన. నిదానంగ చెప్పిండు.

"అమ్మా, రెండు వారాలు చూద్దాం. షుగర్ దిగి, పుండు ఎర్రగ అయితే కాలు ఉంటది. నలుపు పైకెక్కితే సగం పాదం తీసెయ్యాలె."

"సగం పాదం మీద నిలబడి వంట చెయ్యొచ్చా సారు?"

ఆయన కరుణ దిక్కు చూసిండు.

ఆ హాల్ల కూసునుడు నాకు బాగ యాదున్నది. అందరు ఒకరి కాళ్లు ఒకరు చూస్తరు. మొకాలు చూడరు. నా పక్కన ఒకామె కూసున్నది, సుబ్బలక్ష్మి గారని. భీమవరం వాళ్లు, అమీర్‌పేటలనే అపార్ట్‌మెంటు. వాళ్లాయనకు ఒక పాదం తీసేసిన్రు, రెండోది కడిగిచ్చేటందుకు తీసుకొస్తది.

"ఏంటండీ అలా ముడుచుకుని కూర్చున్నారు, కాలు పైకి పెట్టుకోండి," అని తన సంచి నా కాలు కింద పెట్టింది. సంచిల టిఫిను డబ్బా ఉన్నది.

"అయ్యో, తినే డబ్బా అమ్మా, కాలు పెట్టుడేంది?"

"నేను ఈ హాల్లో చూసినన్ని కాళ్లు డాక్టర్లు కూడా చూసుండరు. కాలంటే నాకు అసహ్యం పోయిందండీ. ఇంతకీ ఎలా తగిలింది?"

ఉన్నదున్నట్టు మొదటిసారి ఆమెకే చెప్పిన. కన్నబిడ్డకు చెప్పంది ఆమెకెందుకు చెప్పిననో తెల్వదు. ఆమె నవ్వలే, అయ్యో అనలే. "మావారు అయ్యప్ప మాల వేసుకుని చెప్పుల్లేకుండా తిరిగారండీ, మేకు దిగితే సాయంత్రం దాకా తెలీలేదు," అన్నది.

అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు చూడ వచ్చిన్రు. అయ్యగారు ప్రార్థన చేసి, కండ్లు తెరిసి, "మాత్రలు మింగుతున్ననని నాకు ఒక్క మాట చెప్పకపోతివి గదా రత్నమ్మా" అన్నడు. అమ్మగారు మెల్లగ, "మనం సుత ఏనాడు అడగలే గదండి" అన్నది. అప్పటి నుంచి మా గుడిల ఉపవాసం ముందట మందులు మింగేటోళ్లెవరని అడుగుతున్నరు.

అక్కడనే తిండి గురించి చెప్పే మేడమ్ ఉంటది. "ఏం తింటరమ్మా" అన్నది.

"ఏం తిన మేడమ్. పొద్దుగాల చాయ్, రాత్రి ఇంత బువ్వ."

మేడమ్ కాయితం మీద రాసుకున్నది. కరుణ ఎనుక నిలబడి ఇన్నది. ఇంటికొచ్చినంక నేను కుర్సీల కూసుండి, కాలు స్టూల్ మీద పెట్టుకొని వంట మొదలుపెట్టిన. చేతులు ఊకోవు గదా. కరుణ ఒక గిన్నె తెచ్చి నా పక్కన పెట్టింది.

"నువ్వు ఎప్పుడెప్పుడు రుచి చూస్తవో, నోట్లె ఎంత ఏసుకుంటవో, అంతే ఇందుల ఎయ్యి. అంతే. ఇంకేం అడుగ."

పిల్లల ఆట అనుకొని సరే అన్న. చారు, పప్పు, ఆలుగడ్డ కూర, అన్నం. నడుమ చాయ్‌ల ముంచిన రెండు బిస్కెట్ల లెక్కకు రెండు బిస్కెట్లు. అడుగు మాడుబువ్వ. పగటీలి ఒంటిగంటకు కరుణ వచ్చి గిన్నె ఎత్తి నా ఒళ్లె పెట్టింది. నిండింది. మీద కుప్ప లేచింది.

"ఇది నువ్వు తినని అన్నం అమ్మా," అన్నది. "ముగ్గురికి వండితేనే ఇంత. అక్కడ ఎనభై మందికి వండుతవు."

ఆ గిన్నెను చూసుకుంట కూసున్న. ఇన్ని ఏండ్లు ఏం తింటలేనని చెప్పుకుంట తిరిగిన. తిన్నదాన్ని తిండి కాదనుకున్న, అదే ఉపవాసమనుకున్న. రోజంత ఆ అరచేతి తిండే నన్ను నిలబెట్టింది, షుగర్‌ను పెంచింది. దాని మీదనే మాత్ర లెక్క కుదిరింది. ఆ అరచెయ్యి ఒక్కసారి మూసేసరికి పడిపోయిన. కరుణ అప్పుడు ఏడ్సింది. ఈస్టర్ నాడు ఏడ్వని ఏడ్పంత ఏడ్సింది. "నాకు పిల్లలు లేకపోయినా బతుకుత, నువ్వు లేకపోతే ఎవరి మీద కోపం చెయ్యాలె" అన్నది. నేను తల నిమిరిన. ఇద్దరికి మాట కలిసింది.

మళ్లసారి పోయినప్పుడు మేడమ్‌కు గిన్నె సంగతి చెప్పిన. ఆమె నవ్వి, "చిన్నప్పుడు ఏం తినేటోళ్లు?" అన్నది.

"జొన్న రవ్వ ఉడకబెట్టిన గట్క, పుంటికూర, పచ్చిపులుసు, ఉడకబెట్టిన పెసర గుడాలు. బీదోళ్ల తిండి మేడమ్."

"అదే తినున్రి. కాకపోతే కూసుండి తినున్రి. గట్క అయినా రొట్టె అయినా జరంతే, కూర ఎక్కువ."

కరుణ జొన్నపిండి పట్టిచ్చుకొచ్చింది. ఏడేండ్ల తర్వాత పీట మీద పిండి పెట్టి చెయ్యి ఆనిచ్చిన. మొదటిది పగిలింది. రెండోది గుండ్రంగ వచ్చింది. ఆ చప్పుడుకు లోపట ఎవరో "ఇగ ఆకలైతున్నది" అన్నట్టయి తిరిగి చూసిన. సుధాకర్, కంచం పట్టుకొని నిలబడ్డడు. అల్లునికి ఆ మాట నేను ఎన్నడు చెప్పలే. రొట్టె చప్పుడు ఇంటే ఎవరికైనా అదే మాట వస్తదేమో.

రెండు వారాలకు పుండు ఎర్రగయింది. చిటికెన వేలు మాత్రం నల్లగనే ఉండె. సారు అదొక్కటి తీసిండు. "అదృష్టవంతురాలివమ్మా" అన్నడు. అదృష్టమే. కాకపోతే కట్టు ఇప్పిన దినం ఆ ఖాళీ జాగ చూసుకొని, పెండ్లయినకాడికెల్లి మా ఆయన ఓపికగ గుంజిన ఆ మొండి వేలు గురించి ఏడ్సిన. పోయిన మనిషి ముట్టిన జాగలు మన ఒంటి మీద ఉంటయి గదా. అందుల ఒకటి తగ్గింది.

వానాకాలం మొదలయ్యేసరికి నడువుమన్నరు. మెత్తటి చెప్పులు కొనుక్కున్న, ఇంట్ల సుత అవి ఇడువ. మొదటి దినం గుమ్మం నుంచి గల్లి మూల దాంక. మూడో వారానికి పెద్ద రోడ్డు. సుబ్బలక్ష్మి గారు ఫోన్ చేసి, "రండి, నేనూ నడుస్తా, మావారి దగ్గర కూర్చుని కూర్చుని నా మోకాళ్లు పట్టేశాయి" అన్నది. అమీర్‌పేటల మెట్రో కింద స్తంభాలు ఉన్నయి గదా, రోజుకు ఒక స్తంభం పెంచుకుంటిమి.

"ఈ రోజు ఒక్కటి ఎక్కువ వేద్దామండీ."

"వద్దమ్మా, మీ ఉత్సాహానికి నా కాలు బలి."

"పోనీ సగం స్తంభం."

"సగం స్తంభం ఎట్ల నడుస్తరు అమ్మా?" అని నవ్వుకునేటోళ్లం. స్తంభాలకు మొత్తం కోచింగ్‌ల కాయితాలే. ఆ చౌరస్తల మా ఆయన జామకాయలు కొన్న బండి ఏ జాగల ఉంటుండెనో వెతికిన. ఇప్పుడు మెట్లున్నయి అక్కడ. క్రిస్మస్ కంటె ముందే పంజగుట్ట దాంక నడిసిన. మధ్యల రెండుసార్లు కూసున్న, అది వేరే సంగతి.

హాస్టల్లకు మళ్ల పోయిన. వార్డెన్ మేడమ్ పొయ్యి కాడ కుర్సీ ఏపిచ్చింది. ఇప్పుడు వడ్డిచ్చే ముందే నేను తింట. ఎనిమిదికి, ఒంటిగంటకు, మళ్ల రాత్రి ఎనిమిదికి. కంచంల పెట్టుకొని, కూసుండి. సగం కంచం కూర, ఒక రొట్టె, గిన్నెడు పప్పు లేకుంటే ఒక గుడ్డు. కూర ముందు తింట, రొట్టె వెనుక. గట్ల తింటే రెండో రొట్టె అడగబుద్ధి కాదు. చాయ్ రెండే, చక్కెర లేకుండ. మొదటి వారం మందు తాగినట్టుండె, ఇప్పుడు చాయ్ రుచే తెలుస్తున్నది. రుచి చూసుడంటరా, చెంచ కొసకు ఒక్క బొట్టు. ఉప్పు తప్పుతలేదు. తిన్నంక గల్లిల పది నిమిషాలు. పండుకునే ముందు అద్దం కింద పెట్టి అరికాళ్లు చూసుకుంట, అది సుబ్బలక్ష్మి గారు నేర్పింది. కొంగుముడిల చిన్న బెల్లం ముక్క ఎప్పుడుంటది, చెమట పట్టి వణికితే నోట్లె ఏసుకొని, తర్వాత తినేటందుకు. మాత్ర పెంచుడు, తగ్గిచ్చుడు నా చేతుల పెట్టుకోను, సారును అడుగుత. పగటిపూట ఇది వరకు నిలబడి కునుకు తీసేదాన్ని, ఇప్పుడు ఆ మత్తు లేదు. ఇంతే. ఇందుల పెద్ద ఇద్య ఏం లేదు. వండేటోళ్లు, వడ్డిచ్చేటోళ్లు, "నేను తర్వాత తింట" అనేటోళ్లు మాత్రం జర మీ చెయ్యి నోటికాడికి ఎన్నిసార్లు పోతున్నదో ఒక్క దినం గిన్నె పెట్టి చూసుకోన్రి.

ఈ ఏడు మళ్ల శ్రమ దినాలు వచ్చినయి. నేను అన్నం ఇడువలే. పగటీలి సీరియల్ ఇడిసిన, చాడీలు ఇడిసిన. రెండోది కష్టమున్నది. శుభ శుక్రవారం ఒక్కటే భయమయింది. ఆ నాడు పన్నెండు నుంచి మూడు దాంక గుడిల యేసు సిలువ మీద అన్న ఏడు మాటల ధ్యానం. అందరు ఎండిన నాలుకలతోని కూసుంటరు. చిన్న పిల్లలు సుత నీళ్లు అడగరు. నా టైము ఒంటిగంట. ఇంటికాడ ఉంటనని కరుణతోని అన్న.

"ఎందుకు? దొంగతనం చేస్తున్నవా?" అని డబ్బా సంచిల పెట్టింది.

ఎనుక వరుసల, మూలకు కూసున్న. మూడో మాట నడుస్తుంటే ఒంటిగంటయింది. డబ్బా ఒళ్లె ఉన్నది. మూత మీద చెయ్యి ఉన్నది. చెయ్యి లేస్తలేదు. గంజి పడ్డప్పుడు లేని భయం ఆ డబ్బా మూత కాడ వచ్చింది నాకు. ఇందరి నడుమ, ఈ దినం, ఈమె తింటున్నది చూడు అంటరు. ఇంకో రెండు గంటలే గదా, ఓర్సుకుంటే అయిపోతది అనుకున్న. పోయిన ఏడు సుత గిట్లనే, ఓర్సుకుంటే అయిపోతదనే అనుకున్న.

మూత తీసిన. రొట్టె తుంచి తోటకూర పెట్టుకొని నోట్లె ఏసుకున్న. ముందు వరుసల ఇద్దరు తిరిగి చూసిన్రు. మంచిది, చూడున్రి అని నములుతనే ఉన్న.

నా పక్కన ఒకామె కూసున్నది. ఎన్నడు చూసిన మొకం కాదు, ఎక్కడికెల్లో చుట్టపుసూపుకు వచ్చినట్టున్నది. కండ్లు మూసుకొని ఉన్నది. నుదుటి మీద చెమట బొట్లు. ఫ్యాన్ సక్కగ మా మీదనే తిరుగుతున్నది. ఒళ్లె పెట్టుకున్న చేతుల దిక్కు చూసిన. వేళ్లు సన్నగ వణుకుతున్నయి.

"షుగరా?" అన్న, చెవుల.

కండ్లు తెర్వలే. తల మాత్రం ఆడిచ్చింది.

"మాత్ర ఏసుకున్నవా పొద్దుగాల?"

మళ్ల తల ఆడిచ్చింది. కొంగుముడి ఇప్పి బెల్లం ముక్క ఆమె అరచేతుల పెట్టిన. ఆమె దాని దిక్కు చూసింది, సిలువ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.

"పాపం కాదా అక్కా?"

నాకు వాక్యం చెప్పొస్తదా? రాదు. చెప్పులల్లకెల్లి ఎడమ కాలు తీసి, ఆమె కాలు పక్కన పెట్టిన. నాలుగు వేళ్లు. ఆమె లెక్కపెట్టుకున్నట్టుంది. బెల్లం నోట్లె ఏసుకున్నది.

వణుకుడు ఆగే దాంక ఆమె చెయ్యి పట్టుకొని కూసున్న. తర్వాత రొట్టె సగం చేసి ఇచ్చిన. నాలుగో మాట మొదలయింది. జొన్న రొట్టె నమిలితే చప్పుడైతది. మేమిద్దరం ఆ చప్పుడు దాచుకోలే.